చేతివేళ్ల తిమ్మిరి: నరం నొక్కుకున్నది మెడ దగ్గరా, మణికట్టు దగ్గరా?

ప్రశ్న

మా అక్కయ్యకి రెండు నెలలుగా కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. తెల్లవారుజామున ఆ తిమ్మిరికే మెలకువ వచ్చేస్తోంది. లేచి చెయ్యి విదిలిస్తే కాసేపటికి సర్దుకుంటుంది. మెడ ఎక్స్‌రేలో ఎముకలు అరిగాయని వచ్చింది. మెడకి పట్టీ పెట్టుకుంటోంది, బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటోంది, గుణం ఏమీ కనబడలేదు. నరం ఎక్కడ నొక్కుకుందో ఇంట్లో కొంతైనా తేల్చుకోవచ్చా?

జవాబు (ఫిజియోథెరపిస్ట్)

ముందు ఏ వేళ్లో తేల్చండి. "చెయ్యంతా" అనే చాలామంది చెబుతారు. తిమ్మిరి ఉన్నప్పుడే ఒక్కో వేలూ విడిగా తాకి చూసుకోమనండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో బొటనవేలి వైపు సగం మొద్దుబారి, చిటికెన వేలు బాగుంటే అది మీడియన్ నరం, అంటే మణికట్టు మధ్యలోంచి అరచేతిలోకి వచ్చే నరం. ఉంగరపు వేలు నిలువునా సగం బాగుండి సగం మొద్దుబారిందంటే మెడ మీద అనుమానం బాగా తగ్గించుకోవచ్చు. మెడలో నొక్కుకున్న నరం ఒక వేలిని అలా చీల్చినట్టు పంచదు.

మణికట్టు దగ్గర ఎముకల గాడి ఉంటుంది, దాని మీద గట్టి పట్టీ ఉంటుంది. ఆ ఇరుకు సందులోంచే వేళ్లని ముడిచే 9 టెండన్లూ (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు), ఈ ఒక్క నరమూ వెళ్లాలి. నిద్రలో మణికట్టు ముడుచుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, నరానికి రక్తం అందించే సన్నటి నాళాలు నలుగుతాయి. రాత్రిళ్లు మెలకువ రావడం, విదిలిస్తే తగ్గడం ఇందువల్లే.

రెండు చేతుల వెనకభాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేలవైపు ఉండేలా మణికట్లు ముడిచి 60 సెకన్లు ఉంచమనండి. ఆ వేళ్లలోనే తిమ్మిరి మొదలైతే మణికట్టు వైపే మొగ్గు. తల కొంచెం వెనక్కి వాల్చి నొప్పి ఉన్న వైపుకి తిప్పినప్పుడు భుజం నుంచి చేతిలోకి జివ్వున లాగితే మెడని చూడాలి. ఎక్స్‌రేలో నరాలు కనబడవు. నడివయసు దాటాక మెడ ఎముకల అరుగుదల ఏ బాధా లేనివాళ్లలోనూ మామూలే. ఆ ఒక్క మాట పట్టుకుని మెడపట్టీ వేసుకోవడం దండగ.

మణికట్టే అని తేలితే రాత్రిపూట స్ప్లింట్ (మణికట్టు ముడుచుకోకుండా నిలిపే కట్టు) కట్టాలి, కనీసం ఆరు వారాలు. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. దుకాణంలో దొరికే చాలా స్ప్లింట్లలో అరచేతి వైపున్న లోహపు పట్టీ వంపు తిరిగి, చేతిని వెనక్కి లేపి ఉంచుతుంది. అలా లేచినా సందులో ఒత్తిడి పెరుగుతుంది. ఆ పట్టీని బయటికి లాగి, బల్ల అంచుకి ఆనించి తిన్నగా వంచి, మళ్లీ దూర్చండి. మణికట్టు ముంజేతితో ఒకే గీతలో ఉండాలి. స్ప్లింట్ బిగించే కట్టు కింద ఒక వేలు దూరేంత వదులుండాలి, వేళ్లు పూర్తిగా ముడుచుకోవాలి.

జవాబు (చేతుల సర్జరీ విభాగం)

పైన చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. చూసినప్పుడు తిమ్మిరి చిటికెన వేలిలో ఉంటే కథ మోచేతి దగ్గర. మోచేతి లోపలివైపు బుడిపె వెనకాల, తగిలితే షాక్ కొట్టినట్టుండే చోట అల్నార్ నరం వెళ్తుంది. మోచెయ్యి ముడిచే కొద్దీ అది సాగి నొక్కుకుంటుంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం, కుర్చీ చేతి మీద మోచెయ్యి ఆనించడం, చెయ్యి తల కింద పెట్టి పడుకోవడం మానేయాలి. రాత్రి మోచేతి చుట్టూ తువ్వాలు మందంగా చుట్టి, జారకుండా వదులుగా కడితే పూర్తిగా ముడుచుకోదు. బలం చూడటానికి, బొటనవేలికీ చూపుడువేలి పక్కకీ మధ్య కాగితం పట్టించి లాగండి. కాగితం జారకుండా బొటనవేలి చివరి కణుపు వంగిపోతుంటే చేతిలో చిన్న కండరాలు బలహీనపడుతున్నట్టే.

ప్రశ్న అడిగినవారు

చూశామండీ. చిటికెన వేలు బాగుంది, ఉంగరపు వేలు మీరన్నట్టే సగం. అయితే బొటనవేలి కిందున్న కండ ఎడమచేతితో పోలిస్తే పల్చగా ఉంది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కూడా కష్టమవుతోందట.

జవాబు (చేతుల సర్జరీ విభాగం)

అయితే ఆరు వారాలు స్ప్లింట్‌తో ఆగకండి. ఒత్తిడికి మొదట నరం మీది పొర దెబ్బతింటుంది, అది వారాల్లో, నెలల్లో కోలుకుంటుంది. కండ తరిగిందంటే లోపలి తంతువులకే దెబ్బ తగిలింది. అవి తిరిగి పెరిగేది రోజుకి సుమారు 1 మి.మీ. మాత్రమే. ఆలస్యమైతే తిమ్మిరి తగ్గినా కండ తిరిగి రాకపోవచ్చు.

నర్వ్ కండక్షన్ టెస్ట్ (నరంలో సంకేతం ఎంత వేగంగా వెళ్తోందో కొలిచే పరీక్ష) చేయించండి. చెయ్యి చల్లగా ఉంటే నరంలో వేగం ఉత్తినే తక్కువగా కనబడుతుంది, అందుకని చర్మం 32 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకుండా వెచ్చబరిచి చెయ్యమని అడగండి. షుగర్, థైరాయిడ్ పరీక్షలు కూడా ఉండాలి. కండ తరగని దశలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చాలామందికి కొన్ని నెలలు ఉపశమనం ఇస్తుంది. తరిగాక సాధారణంగా మణికట్టు సందు మీదున్న ఆ గట్టి పట్టీని కోసి సందు వదులు చేసే ఆపరేషనే సూచిస్తాం. చెయ్యి వరకే మత్తు చాలు, మామూలుగా అదేరోజు ఇంటికి పంపుతారు. రాత్రి తిమ్మిరి త్వరగానే పోతుంది, పట్టు బలం రావడానికి నెలలు పడుతుంది.

బి-కాంప్లెక్స్ నొక్కుకున్న నరాన్ని వదులు చేయదు. బి6 పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే అదే నరాలని పాడుచేస్తుంది. డబ్బా మీద ఎన్ని మి.గ్రా. ఉందో చదివి డాక్టరుకి చెప్పండి.

ఇంకొకరి ప్రశ్న

కాలి సంగతి కూడా చెప్పగలరా? పాదం పైకి లేవక నడకలో నేలకి రాసుకుంటోంది. డిస్క్ సమస్యేనా?

జవాబు (ఫిజియోథెరపిస్ట్)

కావచ్చు, మోకాలి దగ్గరి నరమూ కావచ్చు. మోకాలి బయటివైపు, కాస్త కింద చేతికి తగిలే ఎముక బుడిపెని చుట్టుకుని ఒక నరం చర్మానికి ఆనుకునే వెళ్తుంది. కాలు మీద కాలు వేసుకోవడం, చాలాసేపు గొంతుక్కూర్చోవడం, బిగుతైన పిండికట్టు, తక్కువ కాలంలో బాగా సన్నబడటం, ఏదైనా దాన్ని నొక్కేయవచ్చు.

తేడా తెలియాలంటే పాదం లోపలి అంచుకి మీ అరచెయ్యి అడ్డుపెట్టి, పాదాన్ని లోపలివైపు తిప్పి నెట్టమనండి. గట్టిగా నెట్టగలిగితే మోకాలి దగ్గరే అనుమానం. అక్కడా బలం లేకపోతే నడుమునీ, మోకాలికి పైనున్న నరాన్నీ చూడాలి, ఎందుకంటే ఆ కదలికకి నరం మోకాలి బుడిపె దారిన రాదు. ఏదైనా ఈ వారమే న్యూరాలజిస్ట్‌ని కలవండి. కండరంలో సూది పెట్టే పరీక్షలో మార్పులు కనబడటానికి దాదాపు మూడు వారాలు పడుతుంది, మొదట్లో నార్మల్ వచ్చిందని వదిలేయకండి. ఈలోగా చీలమండని 90 డిగ్రీల దగ్గర నిలిపే బ్రేస్ వాడితే పడిపోకుండా ఉంటారు, పిక్క బిగుసుకుపోదు. మొద్దుబారిన చోట వేడినీళ్ల సంచీ పెట్టొద్దు, చర్మం కాలినా తెలియదు.

మూత్రం ఆగిపోవడం, తెలియకుండానే మూత్రం కారిపోవడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ పోవడం, వీటిలో ఏ ఒక్కటి తోడైనా వారం కాదు, అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లాలి.