నజర్, నజరానా, కానుక: రాజును చూడబోయినవారి మాటలు

నిన్న మాటల పుట్టుకను చర్చించుకునే మన సమూహంలో ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్నకు కొంత వివరంగా సమాధానం రాయాలనిపించింది. దినపత్రిక వరంగల్ పేజీలో ఒకే రోజు "చెరువుల కబ్జాపై నజర్" అని ఒక శీర్షిక, దాని కిందనే "విజేతలకు నగదు నజరానా" అని మరొక శీర్షిక కనిపించాయని, ఈ రెండూ ఒకే మాట నుంచి పుట్టినవేనా అని ఆమె అడిగారు. సమాధానమిచ్చినవారిలో ఎక్కువమంది ఔనన్నారు. నేను కాదంటాను. అవి పుట్టుకలో రెండు వేర్వేరు మాటలు. అయితే మన ప్రాంతపు తెలుగులో అవి ఒకటిగా కలిసిపోవడానికి ఉచ్చారణ ఒక్కటే కారణం కాదని, సామాన్యుడు రాజుకు ఎదురుపడినప్పుడు నడిచే ఆచారం కూడా ఆ కలయికకు తోడ్పడిందని నా నమ్మకం.

వ్యుత్పత్తి సంగతి త్వరగా ముగిస్తాను. రెండూ అరబ్బీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చాయి. చూపు అనే అర్థం గల "నజర్"ను ఉర్దూలో "జోయ్" అనే అక్షరంతో రాస్తారు. మొక్కుబడి, పైవారికి సమర్పించేది అనే అర్థం గల మాట అసలు "నజ్ర్". దానిని "జాల్" అనే అక్షరంతో రాస్తారు, "నజరానా" పుట్టింది దీని నుంచే. రాతలో ఇంత తేడా ఉన్నా, దక్కనీ ఉర్దూ మాట్లాడేవారి నోటనే ఆ రెండు అక్షరాలకు ఒకటే ధ్వని. పైగా "నజ్ర్"లోని జంట హల్లుల నడుమ మన నాలుక ఒక అకారాన్ని చేర్చుకుంటుంది. ఆ విధంగా తెలుగు లిపిలోకి వచ్చేసరికి చూపూ నజర్ అయింది, సమర్పణా నజర్ అయింది.

ఇక్కడితో ఆగితే ఇది రెండు మాటలకు ఒకే రూపం ఏర్పడిన సాధారణ ఉదాహరణగా మిగిలిపోతుంది. కాని తెలుగులో ఈ కలయికకు మూస ముందే సిద్ధంగా ఉంది. "కానుక" అనే మాటను చూడండి. "కాను" అంటే చూచు. "కానరాదు", "కానవచ్చె" అనే ప్రయోగాలలో ఉన్న ధాతువే కానుకలోనూ ఉంది. తమిళంలో "కాణిక్కై", కన్నడంలో "కాణికె" అనేవి కూడా చూచు అనే అర్థం గల ధాతువు నుంచి ఏర్పడినవే. అంటే దక్షిణాది భాషలలో పెద్దవారిని చూడబోయినప్పుడు సమర్పించేదానికి చూపు పేరే పెట్టారు. ఉర్దూ రాకముందే మనవారు చూడటాన్ని, ఇవ్వటాన్ని ఒకే మూలంలో ఇమిడ్చుకున్నారు. అటువంటి నోటికి నజర్ అనే రెండర్థాల మాట కొత్తగా తోచి ఉండదు.

మన ఓరుగల్లు నేల మీదనే దీనికి గట్టి సాక్ష్యం ఉంది. కాకతీయుల కాలపు శాసనాలలో కనిపించే పన్నుల పేర్లలో పన్ను, సుంకం, అరి వంటి వాటితో పాటు "కానిక", "దరిశనము" అనే పేర్లు కూడా ఉన్నాయి. దరిశనమంటే రాజును గాని రాజోద్యోగిని గాని చూడబోయినప్పుడు చెల్లించేది. విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ పేరు మొదటిసారి చదివి నేను పుస్తకం మూసి కొంతసేపు అలాగే కూర్చున్నాను. దేవాలయంలో మనం ఎంతో భక్తితో పలికే మాట, ఒకనాడు ఖజానా లెక్కలలో రాబడి పద్దుగా ఉండేదన్నమాట.

ఇప్పుడు మా ఇంటి మాట ఒకటి చెప్పాలి, ఎందుకంటే "నజర్" అనే మాట నా చెవిన మొదట పడింది అక్కడే. మా తాత ఆజంజాహీ మిల్లులో పనిచేశాడు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెద్దకుమారుడు ఆజంజా పేరు మీద 1934లో వరంగల్‌లో వెలసిన మిల్లు అది. మిల్లు కూలీల నోట ఒక రాకుమారుని పేరు రోజూ పొద్దున, మాపు నలిగేది. ఆ రాకుమారుణ్ణి చూసినవారు మాత్రం మా వాడకట్టులో ఒక్కరూ లేరు. అటువంటిది, 1940ల తొలినాళ్లలో ఏదో పనిమీద హైదరాబాద్ వెళ్లిన మా తాతకు నిజాం నివాసమైన కింగ్ కోఠి దగ్గర నిజామే ఎదురుపడ్డాడు. మెల్లగా వస్తున్న కారులో మాసిన రూమీ టోపీ పెట్టుకున్న ఒక బక్కపలుచని మనిషి కూర్చుని ఉన్నాడు. మా తాత ఆయనను గుర్తుపట్టలేదు. ఆ రోజులలో జేబులోని హాలీ రూపాయి (నిజాం రాజ్యపు నాణెం) మీద చార్మినార్ బొమ్మ, దాని కమానులో ఉస్మాన్ పేరులోని మొదటి అక్షరం "ఐన్" ఉండేవి గాని నిజాం ముఖం ఉండేది కాదు. మిల్లు ఆఫీసు గోడకున్న పటంలోని నగల మనిషికీ ఈ మనిషికీ పోలికే లేదట. పక్కనున్న పాన్ దుకాణం ఆయన మా తాత మోచేయి పట్టి లాగి సలాం చేయించాడు. కారులోని మనిషి ఒక్కసారి ఇటు తిరిగి చూశాడు, కారు వెళ్లిపోయింది.

అంతే జరిగింది. మా తాత ఆ సంగతిని కడదాకా చెప్పుకున్నాడు. ఎప్పుడు చెప్పినా "నేను నిజామును చూసిన" అని మొదలుపెట్టేవాడు కాదు. "నిజాముతోని నజరు కలిసింది" అనేవాడు. ఆ వెంటనే, ప్రతిసారీ, "చేతుల మాత్రం ఏం లేకుండె, ఉత్త చేతులు" అని కలిపేవాడు. రాజు దగ్గరికి, దేవుని దగ్గరికి, గురువు దగ్గరికి ఉత్త చేతులతో పోరాదన్న నియమం ఆయనకు ఎంత గట్టిగా ఉండేదంటే, అనుకోకుండా తటస్థపడిన చూపుకు కూడా తాను ఏదో బాకీ పడినట్టు బాధపడేవాడు. ఆయన మాటలో నజరు కలవడానికీ నజరు ఇవ్వకపోవడానికీ మధ్య ఎడం లేదు. దర్బారుకు వెళ్లే జాగీర్దారులు, ఉద్యోగులు పండుగలకు, జన్మదినాలకు అష్రఫీలనే బంగారు నాణేలు, వెండి రూపాయలు నజరుగా సమర్పించడం ఆనాటి ఆనవాయితీ. మిల్లు కూలీ అయిన మా తాతకు ఆ ఆనవాయితీ వర్తించదు. అయినా ఆయన మనసు దానినే తలచుకుంది.

చర్చలో మరొక సభ్యుడు, "నజరానా అంటే గౌరవంతో ఇచ్చే బహుమానం" అని రాశారు. దర్బారు వరకు ఆ మాట ఒప్పుకోవచ్చు, మన ఊళ్లకు ఒప్పుకోలేను. జనగామ, పాలకుర్తి ప్రాంతాలలో దేశ్‌ముఖులు, దొరలు పండుగలకూ పెళ్లిళ్లకూ వసూలు చేసిన నజరానాలు వెట్టితో పాటు సాగిన దోపిడీ. 1946లో రాజుకున్న రైతాంగ సాయుధ పోరాటానికి ఉన్న కారణాలలో అదీ ఒకటి. అక్కడ చూపు కూడా లేదు. "బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్నప్పుడు మనిషి కండ్లు నేల మీదనే ఉండాలి, కండ్లెత్తి చూడటమే తప్పు. ఒకే మాట కింగ్ కోఠి వీధిలో ఒక రకంగా, దొర ఉండే గడీ ముందు మరొక రకంగా బతికింది. నిఘంటువులో ఒక్క అర్థం రాసి ఊరుకుంటే ఆ రెండవ బతుకు మరుగున పడిపోతుంది. ఈ విషయంలో నేను కొంత గట్టిగా మాట్లాడుతున్నానని తెలుసు, అయినా మాట్లాడవలసిందే.

ఇక మూడవ అర్థానికి వస్తాను. "నజర్ తగిలింది" అంటే దిష్టి తగిలింది అని. దిష్టి కూడా దృష్టి నుంచి వచ్చినదే కాబట్టి ఇక్కడా రెండు భాషలు ఒకే దారిన నడిచాయి. ఈ అర్థాన్ని నేను ఒక రాజకుటుంబీకుని సమక్షంలోనే విన్నాను.

2022 జూలై 7న వరంగల్‌లో కాకతీయ వైభవ సప్తాహం ప్రారంభమైనప్పుడు, బస్తర్ రాజవంశానికి చెందిన కమల్ చంద్ర భంజ్‌దేవ్ ముఖ్య అతిథిగా వచ్చారు. 1323లో ఓరుగల్లు పతనమైన తర్వాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు దండకారణ్యం వైపు వెళ్లి బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడని ఆ వంశంవారు చెప్పుకుంటారు. దంతెవాడలో దిక్పాలదేవుడు 1703లో వేయించిన శాసనం ఆ కథను చెబుతుంది. భంజ్‌దేవ్ ఆ రోజు భద్రకాళి దేవాలయానికి వస్తారన్న సంగతి నాకు తెలియదు. అమ్మవారి దర్శనానికని వెళ్లి ఆ జనంలో చిక్కుకుపోయాను. పోలీసులు దారి చేస్తున్నారు, వందల ఫోన్లు పైకి లేచాయి. నాకు ఆయన తలపాగా అంచు, ఎవరో వేసిన పూలమాల కొంత మాత్రమే కనిపించాయి.

నా పక్కన ఒక పెద్దమ్మ అమ్మవారికి తెచ్చిన బంతిపూల కవర్‌ను ఛాతీకి హత్తుకుని నిలబడి ఉంది. ఎవరొచ్చారని అడిగితే ఎవరో "కాకతీయుల రాజు" అని చెప్పారు. ఆమె ముని వేళ్ల మీద లేచి ఒకసారి చూసింది. కవర్‌లోంచి రెండు పూలు తీసి ఆ దిక్కు విసిరింది. అవి ముందున్న కానిస్టేబుల్ భుజం మీద పడ్డాయి. ఆమె పట్టించుకోలేదు. "ఇంత మంది నజరు వడ్డది బిడ్డకు. ఇంటికి వొయినంక దిష్టి తీయుమని చెప్పుండ్రి" అన్నది, ఎవరికి చెప్పాలో తెలియక నాకే చెప్పింది.

ఆ వాక్యం మీద నేను ఎన్నో రోజులు ఆలోచించాను. దరిశనం పన్ను కట్టిన రోజులలో రాజు చూపు పడటం ప్రజలకు భాగ్యం. ఇక్కడ ప్రజల చూపు రాజుకు కీడు చేస్తుందేమోనని ఒక తల్లి భయపడుతోంది. ఆమె "రాజుకు" అనలేదు, "బిడ్డకు" అన్నది. అయినా ఉత్త చేతులతో చూడలేదు. అమ్మవారి కానుకలోంచి రెండు పూలు తీసి మరీ చూసింది. మూడు నజర్‌లూ, అంటే చూపు, సమర్పణ, దిష్టి, అర నిమిషంలో ఆమె చేతుల మీదుగా, నోటి మీదుగా సాగిపోయాయి.

పత్రిక శీర్షికలోని "నగదు నజరానా" గురించి కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అసలు ప్రశ్న అక్కడే మొదలైంది. నజరానా అనేది మొదట కిందివారు పైవారికి ఇచ్చేది. పైవారు కిందివారికి ఇచ్చేదానికి ఉర్దూలో "ఇనాం" అనే మాట ఉంది; మన ఇనాం భూములు అటువంటివే. ఇప్పుడు పత్రికలలో ఈ దిశ పూర్తిగా మారింది. 2022లో ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచిన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌కు రాష్ట్ర ప్రభుత్వం 2 కోట్ల రూపాయలు ప్రకటించింది. ఇటువంటి మొత్తాలను పత్రికలవారు నజరానా అనే రాస్తున్నారు. దీనిని తప్పు ప్రయోగమని కొందరు సభ్యులు కోపగించుకున్నారు. నేను అంత తొందరపడను. గెలిచిన మనిషి దగ్గరికి ప్రభుత్వమే ఉత్త చేతులతో పోరాదని జనం అనుకుంటున్నారేమో. పురుడు చూడబోయినప్పుడు పసిబిడ్డ పిడికిట్లో పది రూపాయలైనా పెట్టకుండా మన ఇళ్లలో ఎవరూ తిరిగిరారు. మేడారంలో సమ్మక్క గద్దె ముందు బెల్లాన్ని "బంగారం" అని పిలిచి సమర్పించకుండా ఎవరూ వెనుదిరగరు. ఆ గద్దె అనే మాటకు సింహాసనమనే అర్థమూ ఉన్నదని గుర్తుచేసుకోండి. ఎవరిని చూడటం మనకు ముఖ్యమో వారి వైపు మన చేయి చాస్తుంది. ఆ "ఎవరు" అన్నది కాలంతో మారుతూ వచ్చింది, మాట మాత్రం అదే.

చివరగా సభ్యులకు ఒక విన్నపం. మా హన్మకొండ, వరంగల్ పెద్దలు "నజరు" అని ఉకారంతో పలుకుతారు, పత్రికలవారు "నజర్" అని హలంతంగా, అంటే చివర అచ్చు లేకుండా రాస్తారు. మంథని, జగిత్యాల, ఆదిలాబాద్ వైపు ఇళ్లలో వృద్ధులు ఎట్లా పలుకుతారో, "నజరు కలిసింది" అనే ప్రయోగం అక్కడ వినబడుతుందో లేదో, విన్న వాక్యాన్ని విన్నట్టే ఈ చర్చ కింద రాయగలరు.