అమ్మ కడిగే గ్లాసులు కూడా మురికిగుడ్డలేనా? (విశ్వాసమా, క్రియలా?)

పెద్దకూతురు:
అందరికీ వందనాలు. మొన్న ఆదివారం మా సంఘంలో యెషయా 64:6 మీద ప్రసంగం. "మా నీతిక్రియలన్నియు మురికిగుడ్డవలె నాయెను" అనే మాట. కానుకలతో పరలోకం రాదు, సేవతో రాదు, విశ్వాసం ఒక్కటే అన్నారు పాస్టరుగారు. మా అమ్మ ఇరవై ఏళ్లుగా ప్రభు భోజనం అయ్యాక ద్రాక్షరసం పోసే ఆ చిన్న గ్లాసులు కడుగుతుంది. ఆ రోజూ కడిగి, ట్రేలో బోర్లించి, ఇంటికొచ్చాక అడిగింది: "అయితే ఇది కూడా మురికిగుడ్డేనా?" నవ్వుతూనే అంది గానీ నాకు జవాబు తోచలేదు. ఎఫెసీ పత్రిక చదివితే ఒకలా ఉంది, యాకోబు పత్రిక చదివితే ఇంకోలా ఉంది. మీరేమంటారు?

గుంటూరు లూథరన్:
అమ్మగారికి నా వందనాలు చెప్పండి. పాస్టరుగారు చెప్పింది తప్పు కాదు, కాకపోతే సగంలో ఆపేశారు. ఎఫెసీ 2:8, 9 అందరికీ కంఠతా వచ్చు: కృపచేతనే రక్షణ, క్రియలవలన కాదు. పదో వచనం దగ్గరికొచ్చేసరికి పుస్తకం మూసేస్తాం. సత్‌క్రియలు చేయడానికే మనల్ని సృష్టించాడని అక్కడే ఉంది. చెట్టు బతికుంటే కాయ కాస్తుంది. ఎండిన చెట్టుకి కాయలు తెచ్చి కడితే అది బతకదు. 1517లో జర్మనీ సన్యాసి లూథర్ గొడవంతా దాని మీదే. పాపపరిహార పత్రాలు డబ్బుకి అమ్ముతుంటే ఎవరో ఒకరు అడగాలి కదా. యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగ సంగతి చూడండి. ఏ మంచి పనైనా చేద్దామంటే చేతులు సిలువకే ఉన్నాయి. అయినా "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు ప్రభువు.

ఆర్‌సీఎం కుర్రాడు:
మళ్లీ మొదలు. కథోలికులంటే క్రియలతో రక్షణ కొనుక్కునేవాళ్లని మీ వాళ్లు చిన్నప్పటి నుంచీ నూరిపోస్తారు. 1547లో మా కథోలిక సంఘపు ట్రెంట్ మహాసభ నీతిమంతుడిగా తీర్చబడటం మీద పెట్టిన మొదటి నియమమే అది: కృప లేకుండా సొంత క్రియలతో నీతిమంతుడు కావచ్చని ఎవడైనా అంటే వాడు శాపగ్రస్తుడు. అసలు మెలిక మీ లూథర్ దగ్గరే ఉంది అన్నా. రోమా 3:28లో గ్రీకులో లేని "మాత్రమే" అనే మాటని 1522 జర్మన్ అనువాదంలో చేర్చాడు. బైబిల్లో "విశ్వాసం", "మాత్రం" పక్కపక్కన కనిపించేది యాకోబు 2:24లోనే. అక్కడేముంది? "విశ్వాసమూలమున మాత్రము కాక." అందుకేనేమో ఆ పత్రికని గడ్డి పత్రిక అన్నాడు.

తెలుగు మాస్టారు:
నేను క్రైస్తవుణ్ణి కాను, బడిలో తెలుగు చెప్తాను. ఇంట్లో బైబిల్ సొసైటీ వారి పాత బైబిల్ ఉంటే రోమా 3:28 తీశాను. "విశ్వాసమువలననే" అని ఉంది. ఆ "నే" చూశారా? లూథర్ ఒక మాట చేరిస్తే మనవాళ్లు ఒక్క అక్షరంతో సరిపెట్టారు.

గుంటూరు లూథరన్:
మాస్టారూ, భలే పట్టారు! 1530లో లూథర్ రాసిన బహిరంగ లేఖలో ఇచ్చుకున్న సంజాయిషీ కూడా ఇదే. ఒకటి కాదని ఇంకొకటి అవునన్నప్పుడు జర్మన్ వాడి నోట "మాత్రమే" దానంతటదే వస్తుందన్నాడు. "రైతు డబ్బు కాదు, ధాన్యమే తెచ్చాడు" అని మనం అనమూ? గడ్డి పత్రిక అన్నమాట నిజమే. తర్వాతి ముద్రణల్లో దాన్ని తీసేశాడు.

ఒంగోలు బాప్టిస్టు:
పుస్తకాలు పక్కన పెట్టి మా ఊరి సంగతి వినండి. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకి తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లకి మాత్రం ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారో, క్రీస్తు కోసం వచ్చారో తేలాలిగా. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. కూడు వేరు, విశ్వాసం వేరు అని గీత గీసిన మనిషాయన.

ఆర్‌సీఎం కుర్రాడు:
ఆ 2,222 మంది ఏం చూసి వచ్చారంటావు బాబాయ్? కాలువ గట్టు మీద కూలి ఇచ్చిన చేతిని కూడా చూసి ఉండరా?

ఒంగోలు బాప్టిస్టు:
చూసే ఉంటారు. కాదనను. కానీ అది ఆయన క్రియ, వాళ్లది కాదుగా!

గుంటూరు లూథరన్:
ఒక్కమాట. రోమా పత్రిక రాసిన పౌలు, యాకోబు ఇద్దరూ చూపించేది అబ్రాహామునే, ఆదికాండము 15:6నే. పౌలు అక్కడే ఆగుతాడు: ఆకాశంలో నక్షత్రాలు చూపించారు, పిల్లలు లేని ముసలాయన నమ్మాడు, నీతిగా ఎంచబడింది. యాకోబు ఇరవై రెండో అధ్యాయం దాకా లాక్కెళ్తాడు, ఇస్సాకు నెత్తిన కట్టెలు పెట్టిన రోజు దాకా. పౌలుది లోపలికి ఎలా వచ్చావనే ప్రశ్న. యాకోబు అడిగేది బట్టా తిండీ లేని సోదరుణ్ణి "చలి కాచుకొనుడి" అని దీవించి పంపేసిన పెద్దమనిషిని. 1999లో ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక సంఘం కలిసి ఈ విషయం మీదే ఉమ్మడి ప్రకటనకి సంతకాలు చేశాక కూడా మనం ఇక్కడ కొట్టుకుంటున్నాం.

పెద్దకూతురు:
ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. "నే" దగ్గర నవ్వింది. దొంగ దగ్గర ఊరుకుంది. చివరికి, "నేను పరలోకం కోసం కడుగుతున్నానని ఎవరన్నారే? కడక్కపోతే వచ్చే నెల ఎందులో పోస్తారు?" అంది.

ఆర్‌సీఎం కుర్రాడు:
అమ్మగారు సూపర్. లూథరన్ అన్నా, నువ్వు మాత్రం తప్పించుకోలేవు. పదిహేనో అధ్యాయానికీ ఇరవై రెండుకీ మధ్యలో అబ్రాహాము హాగరు దగ్గరికి పోయాడు, అబీమెలెకు దగ్గర పెళ్లాన్ని చెల్లెలన్నాడు. అప్పుడు ఆ ఎంచబడిన నీతి ఉన్నట్టా, పోయినట్టా? దీనికి చెప్పు ముందు.