క్లచ్ వైరు తెగితే బండి ఇంటికి ఎలా చేర్చాలి? క్లచ్ పట్టకుండా గేరు మారిస్తే గేర్‌బాక్స్ పోతుందా?

ప్రశ్న:
అన్నలూ, నాది పల్సర్ 150, ఆరేళ్ల బండి. మొన్న ఆదివారం హైదరాబాద్ నుంచి సూర్యాపేట వెళ్తుంటే నకిరేకల్ దాటాక క్లచ్ వైరు తెగిపోయింది. నాలుగో గేరులో ఉన్నాను, ఏం చేయాలో తోచక బ్రేకు కొట్టేశాను, బండి ఎగిరెగిరి ఆగిపోయింది. వెనక లారీ ఉండుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్. ఎండలో చాలాసేపు నెట్టుకుంటూ పోయాను. దారిలో ఒక పెద్దాయన ఆగి "క్లచ్ లేకపోయినా గేర్లు పడతాయి బాబూ, నడిపెయ్" అన్నాడు కానీ గేర్‌బాక్స్ పోతుందేమోనని ధైర్యం చేయలేదు. ఇంటికొచ్చి అడిగితే ఒకరేమో ఏం కాదంటారు, ఇంకొకరేమో పళ్లు అరిగిపోతాయంటారు. ఏది నిజం? నడపొచ్చంటే ఎలా నడపాలి?

జవాబు:
తమ్ముడూ, దెబ్బలు తగలకుండా బయటపడ్డావు, అది చాలు. పెద్దాయన చెప్పింది నిజమే. అయితే ఎందుకు పడతాయో తెలిస్తేనే సరిగ్గా వేయగలవు, లేకపోతే కాలితో తన్ని పాడుచేస్తావు.

మన బండ్లలో గేరు పళ్లు మార్చిన ప్రతిసారీ కొత్తగా వచ్చి కలుసుకోవు. అన్ని జతలూ ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి, కాకపోతే ప్రతి జతలో ఒక చక్రం షాఫ్టు మీద ఊరికే తిరుగుతుంటుంది. నువ్వు గేర్ రాడ్ నొక్కితే లోపల ఫోర్కు ఒక చక్రాన్ని పక్కకు జరుపుతుంది, దాని పక్కన ఉన్న మొండి కొమ్ములు (మెకానిక్‌లు డాగ్స్ అంటారు) ఎదుటి చక్రం గాడుల్లో దిగి బిగుసుకుంటాయి. కాబట్టి అరిగితే అరిగేది ఆ కొమ్ముల అంచులు, పళ్లు కాదు. ఇంజన్ లాగుతున్నప్పుడు ఆ కొమ్ములు గాడిని గట్టిగా పట్టుకుని ఉంటాయి, రమ్మన్నా రావు. రేస్ వదిలేసినా అంతే, అప్పుడు చక్రమే ఇంజన్‌ని లాగుతుంటుంది కనుక అటువైపు బిగుస్తాయి. ఈ రెంటికీ మధ్య ఎటూ బరువు లేని ఒక్క క్షణం ఉంటుంది. క్లచ్ పట్టుకుంటే దొరికేది ఆ క్షణమే. రేస్ కొంచెం తగ్గించినా అదే దొరుకుతుంది.

పై గేరుకి ఇది తేలిక. మూడు నుంచి నాలుగుకి వెళ్లాలనుకో, అదే స్పీడుకి ఇంజన్ ఇంకొంచెం నెమ్మదిగా తిరిగితే చాలు, రేస్ తగ్గించగానే అదెలాగూ నెమ్మదిస్తుంది కాబట్టి రెండూ తమంతట తామే కుదురుతాయి. రాడ్ కింద బొటనవేలు పెట్టి ముందే మెల్లగా పైకి ఒత్తి ఉంచు, తర్వాత రేస్ చటుక్కున కొద్దిగా తగ్గించు, గేరు దానంతట అదే జారి పడుతుంది, వెంటనే మళ్లీ రేస్ ఇవ్వు. కాలితో బలం చేయాల్సి వచ్చిందంటే రేస్ తగ్గించడం సరిగ్గా కుదరలేదని అర్థం.

కింది గేరుకి లెక్క తిరగబడుతుంది, ఇంజన్ ఇంకా వేగంగా తిరగాలి. అందుకని స్పీడు బాగా తగ్గనిచ్చి, రాడ్ మెల్లగా కిందికి ఒత్తి ఉంచి, రేస్ ఒక్కసారి చిన్నగా ఇచ్చి వదలాలి. వానలో, మలుపులో ఈ పని అస్సలు చేయొద్దు, కుదరకపోతే వెనక చక్రం పట్టేసినట్టయి జారుతుంది.

అడిగినవారు:
అర్థమైంది అన్నా. కానీ ఆగి ఉన్న బండిని కదిలించేది ఎలా? ఆపేది ఎలా?

జవాబు:
కదిలించడమే కష్టం. ముందు ఖాళీగా ఉందో లేదో చూసుకో. న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, బండి మీద కూర్చునే కాళ్లతో నెట్టుకుంటూ మనిషి వడిగా నడిచేంత స్పీడు తెచ్చుకో, అప్పుడు ఫస్ట్ గేరు నొక్కు. ఒక కుదుపు ఇచ్చి ముందుకు దూకుతుంది, హ్యాండిల్ గట్టిగా పట్టుకో. వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు. పల్లం దొరికితే ఇంకా నయం. కొందరు ఫస్ట్ గేరులో పెట్టి సెల్ఫ్ నొక్కి దూకిస్తారు, నాకైతే అది ఇష్టం లేదు, బండి బరువంతా సెల్ఫ్ మోటారు మీద పడుతుంది.

ఆగాలనుకుంటే చాలా ముందే మొదలుపెట్టాలి. గేర్లు ఒక్కోటీ తగ్గించుకుంటూ రెండోదానికి వచ్చి, రేస్ దాదాపు వదిలేస్తూ రాడ్ సగం ఒత్తు ఒత్తితే న్యూట్రల్ పడుతుంది, ఆ తర్వాతే బ్రేకు. న్యూట్రల్ దొరక్కపోతే కంగారుపడకు, బ్రేకు పడుతూ కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే మీట) నొక్కెయ్. హైవే మీద అయితే ఎడమ అంచున నెమ్మదిగా వెళ్లు, టోల్ గేటు దగ్గర టూవీలర్ల దారి ఎడమ పక్కనే ఉంటుంది కాబట్టి ఆగే పని పెద్దగా పడదు. ఊళ్లో సిగ్నళ్లు ఎక్కువగా ఉంటే మాత్రం ఈ సాహసం వద్దు, మెకానిక్‌ని పిలిపించుకో.

మరొకరు:
మా నాన్నగారి పాత బుల్లెట్‌కి గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి, ఒకటి పైకి మూడు కిందికి. దానికి న్యూట్రల్ కోసమే మడమతో నొక్కే చిన్న రాడ్ వేరుగా ఉండేది, ఫస్ట్ తప్ప ఏ గేరులో ఉన్నా నొక్కితే నేరుగా న్యూట్రల్. ఇలాంటప్పుడు అది ఎంత ఉపయోగమో!

నాదొక సందేహం. మా ఆఫీసులో ఒకతను రోజూ క్లచ్ పట్టకుండానే పై గేర్లు వేస్తాడు. ఖరీదైన బండ్లలో క్విక్‌షిఫ్టర్ చేసేది కూడా ఇదే కదా, తప్పేముంది అంటాడు. హీరో హోండా స్ట్రీట్‌కీ, 2009లో వచ్చిన టీవీఎస్ జైవ్‌కీ అసలు క్లచ్ లివరే లేదు అని కూడా అంటాడు.

జవాబు:
స్ట్రీట్, జైవ్ సంగతి వేరండీ. వాటికి లివర్ లేదు గానీ క్లచ్ ఉంది. హోండా సూపర్ కబ్‌లో 1958 నుంచీ ఉన్న పద్ధతి లాంటిదే, కాలితో గేరు నొక్కగానే లోపల క్లచ్ దానంతట అదే విడిపోతుంది. క్విక్‌షిఫ్టర్ మాత్రం నిజంగానే మీ ఆఫీసు అతను చేసే పనే చేస్తుంది, రాడ్ మీద ఒత్తు తెలియగానే స్పార్క్‌ని లిప్తపాటు ఆపుతుంది. తేడా ఏంటంటే అది ప్రతిసారీ ఒకేలా ఆపుతుంది. మన చెయ్యి పొద్దున ఒకలా, సాయంత్రం ట్రాఫిక్‌లో అలిసిపోయాక ఇంకోలా ఉంటుంది. సరిగ్గా వేసినంతకాలం ఏమీ కాదు, నేను ఒప్పుకుంటాను. ఒత్తీ ఒత్తనట్టు వేసి కటకటమనిపిస్తే మాత్రం కొమ్ముల అంచులు గుండ్రబడతాయి, ఆ తర్వాత రేస్ ఇచ్చినప్పుడల్లా గేరు జారిపోతుంది. అప్పుడు ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. క్లచ్ పట్టినా సగం సగం గేరు వేసేవాళ్లకీ ఇదే గతి. అందుకే రోజువారీకి వద్దంటాను, కానీ ఖాళీ రోడ్డు మీద పై గేర్లు నాలుగైదుసార్లు వేసి చూసి నేర్చుకుని ఉండమంటాను.

తమ్ముడూ, ఇంకొకటి. క్లచ్ వైరు చెప్పకుండా తెగడం తక్కువ. లివర్ దగ్గర ఒక్కో పోగూ తెగుతూ వస్తుంది, లివర్ బరువెక్కుతుంది, గేరు గట్టిగా పడుతుంది. నీకు అలా ఏమైనా అనిపించిందా?

అడిగినవారు:
అవునన్నా! రెండు వారాలుగా లివర్ గట్టిగా ఉంది, న్యూట్రల్ కూడా సరిగ్గా పడేది కాదు. ఆయిల్ మార్చాలేమో అనుకుని ఊరుకున్నాను.

జవాబు:
అదే మరి. కొత్త వైరు వేయించేటప్పుడు లివర్ చివర సుమారు 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట (వైరు బిగిసేలోపు లివర్ వదులుగా కదిలే దూరం) ఉండేలా పెట్టించు, నీ బండి పుస్తకంలో ఎంతుందో చూసి చెప్పు. ఆట అసలు లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టక ప్లేట్లు కాలిపోతాయి, మరీ ఎక్కువైతే పూర్తిగా విడవక గేర్లు మొరాయిస్తాయి. ఆయిల్ మార్చినా జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని డబ్బా మీద ఉన్నదే కొను, మన క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, కారు ఆయిల్ పోస్తే జారతాయి. ఇంకో కొత్త వైరు కొని పాతదాని పక్కనే అదే దారిలో తొడిగించి, రెండు కొసలకీ టేపు చుట్టించు. దారిలో తెగితే ట్యాంకు విప్పే పని లేకుండా కొసలు మార్చుకుంటే సరిపోతుంది.

అడిగినవారు:
ఇవాళ సాయంత్రం వైరు మార్పించాను అన్నా, స్పేర్ వైరు కూడా పక్కనే వేయించాను. పాత వైరు చూస్తే నువ్వు చెప్పినట్టే లివర్ కొస దగ్గర పోగులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. వచ్చేటప్పుడు ఖాళీ రోడ్డు మీద మూడు నుంచి నాలుగుకి క్లచ్ లేకుండా వేసి చూశాను. మొదటిసారి కుదిపింది, రెండోసారి పడినట్టే తెలియలేదు.