హంతకుడు దొరకని కేసులు: టీవీ వల్ల న్యాయం దగ్గరవుతోందా, దూరమవుతోందా?

కట్టమంచి, చిత్తూరు:
మేయర్ కటారి అనురాధ, ఆమె భర్త మోహన్‌ హత్య కేసులో 2025 అక్టోబర్‌లో చిత్తూరు కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. హత్యలు జరిగింది 2015 నవంబర్ 17న, కార్పొరేషన్ ఆఫీసులోనే. తీర్పు రోజు టీ అంగడి దగ్గర నాకు వినపడిన మాట: "ఆ కేసు ఇంకా నడస్తా ఉండాదా?" బురఖాల్లో వచ్చి చంపారన్నది అందరికీ గుర్తుంది. టీవీ అదే తిప్పి తిప్పి చూపించింది కాబట్టి. సాక్షులు ఎన్నేళ్లు కోర్టు మెట్లెక్కారో ఎవరికీ తెలియదు. హైకోర్టు ఖరారు చేస్తేగానీ ఉరిశిక్ష అమలు కాదన్నదీ తెలియదు.

నిందితులు దొరికిన కేసే ఇట్లుంటే, దొరకని కేసుల గతేంటి? అలాంటి హత్య టీవీకి మూడో రోజుకే పాతబడిపోతుంది. ఈలోగా స్టూడియోలో ఎవరో ఒకరిని దోషిని చేసేస్తారు. అందుకే నేననేది, ఛార్జిషీటు వేసేదాకా హత్య కేసుల మీద టీవీ చర్చలు, నటులతో తీసే "అసలు ఏం జరిగిందంటే" కథలు ఆపాలి. వార్త చెప్పనీ. ఫలానా వాళ్ల మీద అనుమానం అని మాత్రం చెప్పకూడదు. ఒప్పుకోనివాళ్లు ఎందుకో చెప్పండి.

బైరాగిపట్టెడ:
నేను ఒప్పుకోనన్నా. టీవీ నోరు మూసుకుంటే లాభం ఎవరికి? డబ్బు, పలుకుబడి ఉన్నోళ్లకే. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థినిని చంపారు. ఇన్నేళ్లయినా ఆ కేసు జనం నోట్లో నానుతోందంటే, ఆ తల్లి గొంతెత్తిన ప్రతిసారీ ఎవరో ఒకరు మైకు పెట్టారు కాబట్టే. పేదోళ్ల పిల్ల చనిపోతే ఫైలు కదలాలంటే కెమెరా రావాల్సిందే.

తిరుపతి లాయరు:
తమ్ముడూ, నువ్వు చెప్పిన కేసే చూద్దాం. అంత ఒత్తిడి మధ్య 2008లో ఒక పేద యువకుణ్ని పట్టుకొచ్చారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు యావజ్జీవం వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అని విడుదల చేసింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో మగ్గాడు. 2018లో కేసు సీబీఐ చేతికి వెళ్లింది. ఆ అమ్మాయిని చంపిందెవరో ఏ కోర్టులోనూ ఖాయంగా తేలలేదు. ఒత్తిడికి ఎవరో ఒకరు దొరుకుతారు. అసలువాడు దొరకాలంటే మొదటి గంటలో ఆ గదిలోకి జనాన్ని, కెమెరాలను రానివ్వని ఎస్సై కావాలి. రక్తపు మరకను పద్ధతిగా సీలు చేసి ల్యాబ్‌కి పంపే మనిషి కావాలి.

ప్రెస్‌మీట్ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. టేబుల్ మీద చీటీలు అంటించిన సెల్‌ఫోన్లు, ఒక కత్తి, గుడ్డ మీద పరిచిన నగలు. వెనక ముసుగులేసిన మనుషులు, ఒక్కొక్కరి మోచెయ్యి పట్టుకుని ఒక్కో కానిస్టేబుల్. "నేరం ఒప్పుకున్నారు" అని కాగితం చూసి చదువుతారు. ఇంట్లో చూసేవాళ్లకు కేసు అక్కడితో అయిపోయినట్టే. కానీ పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో అది 25వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 23.

మరి ఆ ముసుగు ఎందుకు? నిందితుణ్ని వేరేవాళ్ల మధ్య నిలబెట్టి చూపించే గుర్తింపు పరేడ్‌లో సాక్షి నిందితుణ్ని తన కళ్లతో చూసిన గుర్తుతోనే పోల్చుకోవాలి. అంతకుముందే అతని ఫేస్‌బుక్ ఫొటో టీవీలో వచ్చి ఉంటే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయరు అడిగేది ఒకటే: "ఈయన్ని మీరు టీవీలో చూశారా, లేదా?" ఆ ఒక్క ప్రశ్నతో నిజంగా చంపినవాడు కూడా బయటపడొచ్చు.

ఇంకో మాట. 2019 డిసెంబర్ 6న హైదరాబాద్ దిశ కేసులో నలుగురు నిందితులను చటాన్‌పల్లి దగ్గర కాల్చి చంపినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, పోలీసులు చెప్పిన కథనం నమ్మదగ్గది కాదనీ, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లనీ తేల్చింది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. పూల వీడియో చూసినవాళ్లలో ఎంతమంది దాన్ని చదివారు?

ఎమ్మార్‌పల్లి:
నాకు సెక్షన్లు తెలియవు, మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా మేనత్త ఒంటరిగా ఉండేది. పట్టపగలు ఇంట్లోనే చంపి గొలుసు, గాజులు ఎత్తుకుపోయారు. ఇంతవరకూ ఎవరూ దొరకలేదు. శవం ఇంకా మార్చురీలో ఉండగానే ఒక ఛానల్ మా అన్న ఫొటో వేసి, కింద "ఇంటి దొంగల పనేనా?" అని రాసింది. పోలీసులు అన్నను ఒక పూట కూర్చోబెట్టి అడగాల్సింది అడిగి పంపేశారు. ఆ సంగతి ఏ టీవీలోనూ రాలేదు. కుదిరిన సంబంధం తప్పిపోయింది. యూట్యూబ్‌లో ఆ వీడియో ఇంకా ఉంది. అత్తను చంపినవాడు దర్జాగా తిరుగుతున్నాడు, మా అన్న తల దించుకుని తిరుగుతున్నాడు.

బైరాగిపట్టెడ:
అక్కా, చదువుతుంటే మనసు కలిచివేసింది. ఆ ఛానల్‌ను నేను వెనకేసుకురాను. కానీ అనుమానాలే చెప్పకూడదని రూలు పెడితే అది ముందు ఎవరికి పనికొస్తుంది? 2015 ఏప్రిల్ 7న మన శేషాచలంలో ఎర్రచందనం ఎన్‌కౌంటర్‌లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. ఆత్మరక్షణకే కాల్చామన్నారు పోలీసులు. శవాల పక్కన పడున్న దుంగల మీద పాత గుర్తులెందుకున్నాయని, అవి అంతకుముందే పట్టుకున్నవేమోనని జనం నిలదీయగలిగారంటే ఆ దృశ్యాలు బయటికి రాబట్టే. కెమెరాలు లేకపోతే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

కట్టమంచి, చిత్తూరు:
తుపాకీ పట్టినవాణ్ని నిలదీయడం, దిక్కులేనివాడి ఫొటో వేయడం రెండూ ఒకటెలా అవుతాయి తమ్ముడూ? నేను ఆపమంటున్నది రెండోదాన్ని.

బైరాగిపట్టెడ:
ఆ గీత గీసేది ఎవరన్నా? ప్రభుత్వమే కదా. అక్కడే నాకు భయం.

తిరుపతి లాయరు:
2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు, పోలీసులు మీడియాతో ఎలా మాట్లాడాలో మార్గదర్శకాలు రాయమని కేంద్ర హోంశాఖకు చెప్పింది. నా లెక్కన గీత అక్కడ గీయాలి. ఛానల్‌కు ఆ ఫొటో, ఆ పేరు ఇచ్చేది ఎవరో చూడండి.

ఎమ్మార్‌పల్లి చెల్లెమ్మా, హత్య కేసుకు కాలపరిమితి లేదు. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు చెప్పాలి. నిందితులు దొరకలేదని కేసు మూసేసే పక్షంలో కోర్టు మీవాళ్లకు నోటీసిచ్చి మీ వాదన వినాలి. కేసు మూసేయడం మీద అభ్యంతరం చెబుతూ ప్రొటెస్ట్ పిటిషన్ వేసుకోవచ్చు. ఫిర్యాదు ఎవరి పేరు మీద ఉంది?

ఎమ్మార్‌పల్లి:
మా అన్న పేరు మీదే. ఫిర్యాదు ఇచ్చిందే ఆయన. నోటీసు ఏదీ రాలేదు. స్టేషన్‌కు వెళ్లి అడగమంటే, మళ్లీ ఎవరైనా వీడియో తీస్తారేమోనని భయపడుతున్నాడు.

తిరుపతి లాయరు:
స్టేషన్‌కు వెళ్లక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ నంబరు వేసి, కేసు ఏ దశలో ఉందో చెప్పమని స్టేషన్ అధికారికి (ఎస్‌హెచ్‌ఓకు) స్పీడ్ పోస్టులో రాయండి. ఎస్పీకి ఒక కాపీ. అందినట్టు రుజువు దాచుకోండి. ఆ ఛానల్‌కు కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. 2021 కేబుల్ టీవీ రూల్స్ ప్రకారం వాళ్లు 15 రోజుల్లో తేల్చి చెప్పాలి. ఎఫ్‌ఐఆర్ నంబరు, అన్న పేరు ఇక్కడ మాత్రం పెట్టవద్దు.