సమస్యాపూరణం: కొండ పవ్వళించెఁ గొమ్మ వోలె

నిర్వాహకులు: ఈసారి బొమ్మ చూసి పూరించాలి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న ఇటలీ చిత్రకారుడు జార్జోనె ‘నిద్రిస్తున్న వీనస్’ ఇది. వీనస్ అంటే రోమన్ల ప్రేమదేవత. 1510లో ఆయన పోయాక వెనకున్న ప్రకృతిని మరో చిత్రకారుడు టిషియన్ పూర్తిచేశాడని 1525 నాటి వెనిస్ రాత ఒకటి చెబుతోంది. సమస్య ఆటవెలది నాలుగో పాదం, మిగతా మూడూ మీరు రాయాలి. ‘కొమ్మ’ అంటే ఇక్కడ స్త్రీ.

తెనాలి సభ్యురాలు:

ఒకరు కాంతఁ గీయ, నొక్కరు గిరిఁ గీయ
గీత గీత కలిసి గీతమయ్యె;
మేని వంపుఁ జూచి మెల్లగ నటు వాలి
కొండ పవ్వళించెఁ గొమ్మ వోలె.

నిర్వాహకులు: అమ్మా, రెండో పాదం దగ్గర ఆగిపోయాను. ఆమె కుడిచెయ్యి తల వెనక్కి మడిచి పడుకుంది. ఆ మోచేతి దగ్గర మొదలైన గీత నడుము, తొడ మీదుగా పాదాల దాకా జారుతుంది. వెనక కొండదీ అదే జారుడు. నేను ఇన్నేళ్లూ ఆ కొండను ఉత్త తెరగానే చూశాను. మీ ‘వాలి’ అన్న మాటతో అది ఆమెకు జతగా కనిపించింది.

వరంగల్ సభ్యులు: నా మొదటి పాదం చూడండి గురువుగారూ. ‘పడఁతి నిద్రలోనఁ గలలను గనుచుండ’.

నిర్వాహకులు: గణాలు సరే, యతి తప్పింది, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొంతన లేదు. ‘ప’కు ‘గ’ కుదరదు. ‘పడఁతి నిద్రలోనఁ బలు కలల్ కనుచుండ’ అంటే సరిపోతుంది. మిగతా పాదాలు కూడా పంపండి.

విశాఖ సభ్యులు: బొమ్మలో ఆమె కాళ్ల దగ్గర మన్మథుడు, అదే వీనస్ కొడుకు క్యూపిడ్, ఉండేవాడు. 19వ శతాబ్దిలో అతని మీద రంగు వేసేశారు, ఎక్స్‌రేలో కనిపిస్తాడు. దాని మీద నా పూరణ:

పాదమంటి యున్న బాలునిఁ గనలేము,
రంగు మీద రంగు రాచిరెపుడొ;
అడ్డు లేదటంచు హాయిగా నావైపు
కొండ పవ్వళించెఁ గొమ్మ వోలె.

తెనాలి సభ్యురాలు: ఊహ చాలా బాగుందండీ. కానీ ఆ పిల్లవాడు ‘అడ్డు’ ఎలా అవుతాడు? ఆమె వీనస్ అని చెప్పే గుర్తే అతను. అతను పోయాక ఆరుబయట ఒంటరిగా నిద్రపోతున్న ఆడమనిషిగా మిగిలింది. నాకు ఆ ఒంటరితనమే కనిపిస్తోంది.

నిర్వాహకులు: నాదీ అదే మాట. మూడో పాదంలో యతి మాత్రం నిర్దోషం, అకార హకారాలకు మైత్రి ఉంది.

విశాఖ సభ్యులు: నిజమే అక్కయ్యా, బొమ్మ మళ్లీ చూశాను. మూడో పాదం మార్చాను:

తోడు లేని చెలికిఁ దోడుగా నావైపు
కొండ పవ్వళించెఁ గొమ్మ వోలె.