చేప కణజాలపు స్లయిడ్లలో నల్లటి రేణువులు, గదంతా కంటిమంట: ఫార్మలిన్ దగ్గర ఎక్కడ తప్పాము?

కాలువగట్టు లెక్చరర్, విజయవాడ

విజయవాడలోని ఒక డిగ్రీ కళాశాలలో నేను జంతుశాస్త్రం బోధిస్తున్నాను. మా చివరి సంవత్సరం విద్యార్థులు ఆరుగురు, బందరు కాలువలో వల వేసేవారి దగ్గర శీలావతి చేపలు కొని, వాటి మొప్పలు, కాలేయం, ప్లీహం సెక్షన్లుగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద ఫొటోలు తీసే ప్రాజెక్టు చేపట్టారు.

మా దగ్గరున్న సీసా మీద ఫార్మాల్డిహైడ్ 37-41 శాతం అని రాసి ఉంది. కణజాలం కుళ్ళకుండా నిలిపే ద్రావణంగా పుస్తకాలన్నీ 10 శాతం ఫార్మలిన్ వాడమంటున్నాయి కాబట్టి, ఒక వంతు ద్రావణానికి మూడు వంతుల నీరు కలిపి, బొటనవేలంత కాలేయపు ముక్కను అందులో వేసి మర్నాడు తీశాము. ముక్కను బయటికి తీసేసరికి అందరి కళ్ళూ మండిపోయాయి. కణజాలం పైన పెళుసుగా, నడుమ మెత్తగా ఉండటంతో, పల్చటి పొరలుగా కోసే మైక్రోటోమ్ మీద సెక్షన్లు చిట్లిపోయాయి. నిలిచిన కొన్నింటిలో, ముఖ్యంగా ప్లీహంలో, గోధుమ నలుపు రేణువులు కనిపించాయి. అవి కాలువ కాలుష్యం వల్ల చేరినవేనని పిల్లలు నివేదికలో రాయబోతున్నారు. అలా రాయవచ్చునా? ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేని, సీలింగ్ ఫ్యాను, ఒక కిటికీ మాత్రమే ఉన్న గదిలో ఈ పనిని సురక్షితంగా చేసే మార్గం ఉందా?

పాత హిస్టో టెక్నీషియన్, గుంటూరు

నమస్కారమండీ. పాథాలజీ ల్యాబులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మీ ఇబ్బందులన్నీ దాదాపుగా ఆ ఒక్క సీసా దగ్గరే మొదలయ్యాయి.

10 శాతం ఫార్మలిన్ అన్నప్పుడు ఆ లెక్క ఫార్మాల్డిహైడ్‌కు కాదు, ఫార్మలిన్‌కు. సీసాలోని ద్రావణాన్నే పూర్తి ఫార్మలిన్‌గా భావించి, దానిలో ఒక వంతుకు తొమ్మిది వంతుల నీరు కలపాలి. అప్పుడు అందులో అసలు ఫార్మాల్డిహైడ్ 4 శాతానికి దగ్గరగా ఉంటుంది. మీరు ఒకటికి మూడే కలిపారు కనుక, ఉండవలసిన దానికి రెండున్నర రెట్ల ఘాటు పిల్లల ముఖాల ముందు పెట్టారు. సిగ్గుపడవలసిందేమీ లేదు, మా ల్యాబులో చేరిన కొత్తవాళ్ళలో చాలామంది ఒకసారైనా ఈ లెక్క తప్పినవారే.

ఇక నడుమ మెత్తగా ఉండిపోవడం గురించి. ఫార్మలిన్ మొదట్లో గంటకు ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి దిగుతుంది, తరువాత ఇంకా నెమ్మదిస్తుంది. అందుకే ముక్క మందం 3-4 మిల్లీమీటర్లు దాటకూడదు, ద్రావణం ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ఉండాలి, ఒక రోజంతా ఉంచాలి. ఫిక్స్ కాని భాగం, అంటే ఫార్మలిన్ అంది గట్టిపడని భాగం, ఫొటోను పాడుచేయడంతో ఆగదు, అందులోని సూక్ష్మజీవులు చచ్చిపోయాయని కూడా అనుకోవడానికి వీల్లేదు. చేపల నుంచి చేతి గాయాల ద్వారా మనుషులకు సోకే మైకోబాక్టీరియం మారినం వంటివి ఉన్నాయి కాబట్టి, ఫార్మలిన్‌లో వేశాము కదా అని ఒట్టి చేతులతో ముక్క కోయనివ్వకండి. గ్లౌజులు నైట్రైల్‌వి అయితే మంచిది, కళ్ళకు పక్కలు మూసిన అద్దాలు ఉండాలి. సర్జికల్ మాస్కు ఆవిరిని ఆపదు.

రేణువులను కాలుష్యంగా రాయనివ్వకండి. బఫర్ (పుల్లబడకుండా నిలిపే లవణాలు) లేని ఫార్మలిన్ నిలవ ఉన్నకొద్దీ అందులో ఫార్మిక్ ఆమ్లం ఏర్పడుతుంది, ఆ పుల్లదనంలో హిమోగ్లోబిన్‌తో చర్య జరిగి సరిగ్గా అటువంటి గోధుమ నలుపు రేణువులే వస్తాయి. రక్తం ఎక్కువగా ఉండే ప్లీహంలో అవి ఎక్కువ కనిపించడానికి అదే కారణం కావచ్చు. కాలువ నిర్దోషి అని నేను అనడం లేదు, ఈ సాక్ష్యంతో మాత్రం నేరం రుజువు కాదు. ఒక లీటరుకు ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు కలిపితే పీహెచ్ 7 దగ్గర నిలుస్తుంది.

గది విషయానికి వస్తే, ఫార్మాల్డిహైడ్ మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది కాబట్టి దీన్ని కంటిమంటతో పోయే విషయంగా తీసుకోవద్దు. సీలింగ్ ఫ్యాను ఆవిరిని గదంతా పంచిపెడుతుంది, దాన్ని ఆపేయండి. కిటికీలో బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించి, బల్లను దానికి ఆనించి, ద్రావణం కలిపే పనిని ఒక్కరే ఉదయం చల్లటి వేళ ముగించండి. మన బెజవాడ మే నెల మధ్యాహ్నంలో ఆవిరి ఎంతగా లేస్తుందో చెప్పనక్కరలేదు. ఫిక్స్ అయిన ముక్కలను నీటితో కడిగి 70 శాతం ఆల్కహాలులోకి మార్చి ఇస్తే, విద్యార్థుల చేతికి ఫార్మలిన్ దాదాపు రాదు. తేలిగ్గా అంటుకునే ఆల్కహాలు, జైలీన్ ఉన్న గదిలో స్పిరిట్ దీపం వెలిగించకూడదు. వాడిన ఫార్మలిన్‌ను సింకులో పోయకుండా, పేరు రాసిన డబ్బాలో చేర్చి రసాయన వ్యర్థాలు తీసుకువెళ్ళేవారికి అప్పగించండి.

సూక్ష్మదర్శిని, నాగార్జున నగర్

పైవారు చెప్పినదాన్ని మేడమ్ గారు ఇప్పుడున్న స్లయిడ్ల మీదే పరీక్షించవచ్చు. మైక్రోస్కోపు దీపం మీద ఒక పోలరైజింగ్ ఫిల్టరు, స్లయిడ్‌కు పైన మరొకటి ఉంచి, రెండవదాన్ని తిప్పుతూ వెనుక వెలుగు పూర్తిగా చీకటయ్యేలా చేస్తే, ఫార్మలిన్ రేణువులు ఆ చీకటిలో మెరుస్తాయి. బొగ్గు నుసి మెరవదు. అయితే మలేరియా వర్ణకం కూడా మెరుస్తుంది కాబట్టి ఇది ఒక్కటే తుది తీర్పు కాదు. ఆ రేణువులను తొలగించాలంటే, రంగు వేసే ముందు సెక్షన్లను ఆల్కహాలులో కరిగించిన సంతృప్త పిక్రిక్ ఆమ్లంలో ఉంచడం పాత పద్ధతి.

కాలువగట్టు లెక్చరర్, విజయవాడ

ఇద్దరికీ ధన్యవాదాలు. పిక్రిక్ ఆమ్లం మా బీరువా వెనుక అరలో ఒక సీసా ఉంది, ఎప్పుడు కొన్నారో తెలియదు. అడుగున పసుపు పొడి ఎండిపోయి ఉంది, మూత చుట్టూ కూడా పసుపు స్ఫటికాలు కట్టాయి. మూత బిగుసుకుపోయింది, అటెండరు పట్టకారుతో తిప్పుతానంటున్నాడు.

పాత హిస్టో టెక్నీషియన్, గుంటూరు

వద్దు మేడమ్, దయచేసి వెంటనే ఆపించండి. పిక్రిక్ ఆమ్లాన్ని నీటితో తడిపే అమ్ముతారు. ఎండితే అది పేలుడు పదార్థం, ఒకప్పుడు ఫిరంగి గుండ్లలో నింపినది ఇదే. మూత మరలో ఉన్న స్ఫటికాలకు మూత తిప్పే రాపిడి చాలు. లోహాలతో కలిస్తే ఏర్పడే లవణాలు అంతకంటే సున్నితమైనవి. సీసాను కదపకండి, తడుపుదామని కూడా ప్రయత్నించకండి. గదికి తాళం వేసి, ప్రిన్సిపాల్ గారికి చెప్పి, 101కు ఫోన్ చేసి సీసా స్థితిని ఉన్నదున్నట్టు వివరించండి. రేణువుల కోసం అంత దూరం పోనక్కరలేదు, బఫర్ ఫార్మలిన్‌లో కొత్త చేపతో మళ్ళీ మొదలుపెడితే అవి దాదాపు రావు.

మిరపతోట మాస్టారు, గుంటూరు

నేను వృక్షశాస్త్రం వాడిని, ఒక్క మాట చెప్పి తప్పుకుంటాను. కింది తరగతుల పిల్లలకు ఉల్లి వేరు కొనలు ఇవ్వండి. మూడు వంతుల ఆల్కహాలు, ఒక వంతు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లంలో ఫిక్స్ చేసి ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు వేస్తే ఫార్మలిన్‌తో పనే లేదు. అయితే వేరు కొనలను మెత్తబరచడానికి మేము హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతాము, దాన్ని మీ ఫార్మలిన్ బల్ల దరికి రానీయకండి. ఆ రెండూ కలిస్తే క్యాన్సర్ కలిగించే బిస్ క్లోరోమిథైల్ ఈథర్ పుట్టే అవకాశం ఉంది.

కాలువగట్టు లెక్చరర్, విజయవాడ

గదికి తాళం వేయించాను, అగ్నిమాపక సిబ్బంది వచ్చి చూసేవరకు తాళంచెవి ప్రిన్సిపాల్ గారి దగ్గరే ఉంటుంది. నివేదికలోని కాలుష్యం పేరాను పిల్లలే కొట్టివేశారు. పోలరైజింగ్ ఫిల్టర్లను భౌతికశాస్త్రం ల్యాబులో అడిగాను, సోమవారం ఇస్తామన్నారు.