రివర్స్ గ్రూపింగ్ చేయకుండా బ్లడ్ గ్రూప్ కార్డు ఇవ్వవచ్చా?

ల్యాబ్ టెక్నీషియన్, మండల కేంద్రం:
మా ల్యాబ్‌లో యాంటీ-ఏ, యాంటీ-బీ, యాంటీ-డీ (కణాల మీద ఏ, బీ, ఆర్‌హెచ్ ఉంటే వాటిని గుంపు కట్టించే ద్రవాలు) చుక్కలతో స్లైడ్ మీద గ్రూపు చూసి కార్డు రాసి ఇస్తాము. మేము ‘ఓ పాజిటివ్’ అని ఇచ్చిన ఒక గర్భిణికి గత వారం బ్లడ్ సెంటర్ వారు ‘ఏ పాజిటివ్’ అని చెప్పడంతో ఆమె భర్త వచ్చి మమ్మల్ని నిలదీశారు. సీరంతో రివర్స్ గ్రూపింగ్ (గ్రూపు తెలిసిన కణాలను రోగి రక్తంలోని ద్రవభాగమైన సీరంలో కలిపి, అందులోని యాంటీబాడీలను చూసే పరీక్ష) కూడా చేసి ఉంటే తేడా ఇక్కడే బయటపడేదని బ్లడ్ సెంటర్ వారు అన్నారట. మాలాంటి చిన్న ల్యాబ్‌లకు అది నిజంగా అవసరమా?

డయాగ్నస్టిక్ సెంటర్ నిర్వాహకులు:
అవసరం లేదని నా అభిప్రాయం. కార్డు చూసి ఎవరూ రక్తం ఎక్కించరు. బ్లడ్ సెంటర్ మళ్లీ గ్రూపు చూసి, క్రాస్‌మ్యాచ్ (దాత రక్తం రోగి రక్తంతో పొసగుతుందో చూసే పరీక్ష) చేశాకే ఇస్తుంది. రివర్స్ కోసం కొనే, గ్రూపు తెలిసిన రీజెంట్ కణాలు కొద్ది వారాల్లోనే పాడైపోతాయి. పైగా గ్రూపు తప్పులు ఎక్కువగా ట్యూబు మీద పేరు మారడం వల్ల జరిగేవే. ఒకరి రక్తం మరొకరి పేరుతో వస్తే ఫార్వర్డ్ (రోగి కణాలతో చేసే సెల్ గ్రూపింగ్), రివర్స్ రెండూ చక్కగా సరిపోతాయి, కార్డు మాత్రం తప్పుగానే ఉంటుంది.

బ్లడ్ సెంటర్ వైద్యురాలు:
పేర్లు తారుమారైతే రివర్స్ కాపాడలేదన్నది నిజం. అందుకే రెండు ఫలితాలు పొసగనప్పుడు మేము ముందుగా రోగి దగ్గరకే వెళ్లి, పేరు అడిగి, మళ్లీ రక్తం తీసుకుంటాము. అంతమాత్రాన రివర్స్ అనవసరమంటే ఒప్పుకోలేను.

‘ఓ పాజిటివ్’ కార్డుతో కాన్పుకు వచ్చిన ఒక యువతి నమూనాలో యాంటీ-ఏ, యాంటీ-బీ రెండూ నెగటివ్. ఆమె సీరంలో ఏ కణాలు, బీ కణాలు గుంపు కట్టాయి. అంతవరకు అచ్చంగా ఓ గ్రూపే. ఓ గ్రూపు వారి సీరంలో ఓ కణాలు గుంపు కట్టకూడదు. కానీ మూడో ట్యూబులో వేసిన ఓ కణాలు కూడా ఒకే ముద్దగా అడుగున నిలిచి, ఎంత కదిపినా విడిపోలేదు. ఆమె సొంత కణాలతో పెట్టిన ఆటో కంట్రోల్ నెగటివ్. యాంటీ-హెచ్‌తోనూ (మామూలు ఓ కణాల మీద ఉండే హెచ్ అనే పదార్థాన్ని గుర్తించేది) ఆమె కణాలు స్పందించలేదు. 1952లో వై.ఎం. భెండే బృందం బొంబాయిలో గుర్తించిన, ఏ, బీలతో పాటు హెచ్ కూడా లేని అరుదైన బాంబే గ్రూపు అది. ఆమె తల్లిదండ్రులది మేనరికం. మామూలు ఓ రక్తం ఎక్కించి ఉంటే ఆ కణాలు రక్తనాళాల్లోనే చిట్లిపోయేవి. క్రాస్‌మ్యాచ్ దాన్ని ఆపుతుంది, నిజమే. కానీ అది ఆపేది రక్తస్రావం మొదలయ్యాక. మూడో నెలలోనే తెలిసి ఉంటే అదే గ్రూపు దాతను వెతకడానికి ఆరు నెలలు దొరికేవి.

మీ గర్భిణిది బలహీనమైన ‘ఏ’ ఉపవర్గం (కణాల మీద ‘ఏ’ చాలా తక్కువగా ఉండే రకం) కావచ్చు. స్లైడ్ మీద రెండు నిమిషాల్లో కనిపించని గుంపు, ట్యూబులో సెంట్రిఫ్యూజ్ చేస్తే కనిపిస్తుంది. నిజమైన ఓ గ్రూపు సీరంలో యాంటీ-ఏ ఉండాలి; అది లేకపోవడం అసలైన హెచ్చరిక. రెండు ఫలితాలు పొసగకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి. మైలోమా (ఒక రకం రక్త క్యాన్సర్) రోగుల్లో ప్రొటీన్లు పెరిగి కణాలు రూపాయి బిళ్ళల దొంతరల్లా అంటుకుంటాయి, సీరం తీసి సెలైన్ పోస్తే విడిపోతాయి. కోల్డ్ అగ్లూటినిన్లు (చల్లదనంలో కణాలను గుంపు కట్టించే యాంటీబాడీలు) ఉంటే 37 డిగ్రీల సెలైన్‌తో కణాలు కడగాలి. పెద్దపేగు క్యాన్సర్‌లోనో, తీవ్రమైన పేగు ఇన్ఫెక్షన్‌లోనో ఏ గ్రూపు మనిషి ఏబీలా కనిపించవచ్చు; నిజమైన ఏబీలో ఉండని యాంటీ-బీ అతని సీరంలో ఉండి అసలు సంగతి చెబుతుంది.

ఖర్చు గురించి: కణాలు కొనక్కరలేదు. గ్రూపు నిర్ధారణ అయిన మూడేసి నమూనాల కణాలు కలిపి, సెలైన్‌తో మూడుసార్లు కడిగి, 5 శాతం సస్పెన్షన్ ఏ రోజుకారోజు చేసుకోవచ్చు.

ల్యాబ్ టెక్నీషియన్:
ఓ కణాలు కూడా తప్పనిసరా? పసిపిల్లలకూ రివర్స్ చేయాలా?

బ్లడ్ సెంటర్ వైద్యురాలు:
ఓ కణాలు లేని రివర్స్‌లో బాంబే గ్రూపు మళ్లీ ఓ గానే కనిపిస్తుంది కాబట్టి అవి తప్పనిసరి. నాలుగు నుంచి ఆరు నెలల లోపు బిడ్డ సీరంలో ఉండేవి దాదాపుగా తల్లి యాంటీబాడీలే కనుక వారికి రివర్స్ పనికిరాదు; సెల్ గ్రూపింగ్ మాత్రమే చేసి, కార్డు మీద ఆ మాట రాసి, పెరిగాక మళ్లీ చూడాలి.

డయాగ్నస్టిక్ సెంటర్ నిర్వాహకులు:
చిన్న ల్యాబ్‌లన్నీ ఇది చేయగలవని ఇప్పటికీ అనుకోను. అయితే ‘సెల్ గ్రూపింగ్ మాత్రమే చేయబడింది’ అన్న వాక్యం పెద్దల కార్డు మీద కూడా ఉండాలన్నది ఒప్పుకుంటున్నాను. రేపటి నుంచి మా సెంటర్‌లో వేయిస్తాను.